రెండిండ్ల నడుమ దొంతర

స్క్రిప్టు అనగానే మా శ్రోతలకు మైకు ముందున్న కాగితము స్ఫురించును. కంప్యూటరు శాస్త్రజ్ఞుల వాడుకలోను ఈ మాట కలదు. అర్థము కూడ అంత దూరమైనది కాదు. పటములు గీయుటకో, లెక్కలు కట్టుటకో, ఆటలాడించుటకో ఒక పెద్ద ప్రోగ్రామును నిర్మించినవారు, అందు తరచుగా మార్చవలసి వచ్చు భాగమును గోడలో ఇటుక వలె బిగింపక, వేరొక చిన్న భాషలో వ్రాసి, విడికాగితముగా దానికి అందింతురు. స్టూడియో గోడలను పడగొట్టకయే రేపటి నాటకమునకు కొత్త కాగితము తెచ్చినట్లే ఇదియును. ఆ పెద్ద ప్రోగ్రామును ఆతిథేయి అనియు, దాని యింట దిగి పనిచేయు స్క్రిప్టును అతిథి అనియు ఈ ప్రసంగమున వ్యవహరింతము.

ఇద్దరును ఒకే కప్పు క్రింద నుందురు గాని ఆచారములు వేరు. ఆతిథేయి తరచుగా సి భాషలో వ్రాయబడినది. ఆ యింట ప్రతి పాత్రకును ఒక ఉపయోగమే. సంఖ్యకు కేటాయించిన పాత్రలో మాట పెట్టరాదు. చోటు కావలసినప్పుడు అడిగి తీసికొనవలెను, పని తీరిన పిమ్మట మరల అప్పగింపవలెను. అతిథి పద్ధతి ఇట్టిది కాదు. ఒకే పేరు క్రింద ఉదయము సంఖ్య, సాయంకాలము వాక్యము ఉండవచ్చును. వాడి విడిచిన వస్తువులను ఎవరును అప్పగింపనక్కరలేదు. ఊడ్చు మనిషి ఒకడు అప్పుడప్పుడు వచ్చి, ఎవరికిని అక్కరలేనివి చూచి తీసివేయును. ఇట్టి ఇద్దరి నడుమ ఒక వస్తువు చేతులు మారవలసి వచ్చినప్పుడు, అది ఏ రూపమున మారవలెను? మారిన పిదప ఎవరిది? దానిని పారవేయు అధికారము ఎవరిది? వినుటకు ఇవి చిన్న ప్రశ్నలు. వీనికి సరియైన సమాధానము దొరకుటకు పాతికేండ్లు పట్టినదని చెప్పిన అతిశయోక్తి కాదు.

1979 ప్రాంతమున ఐ.బి.ఎం. సంస్థకు చెందిన మైక్ కౌలిషా అను ఆంగ్లేయుడు రెక్స్ అను భాషను రూపొందించెను. పెద్ద కంప్యూటర్లపై ఎడిటరు మొదలైన ప్రోగ్రాములకు ఆజ్ఞలిచ్చుటకు అది వాడబడినది. అందలి ఏర్పాటు సరళమైనది. స్క్రిప్టు నడచుచుండగా దాని చరరాశులను ఆతిథేయి పేరు పెట్టి అడుగవచ్చును, మార్చవచ్చును, తొలగింపను వచ్చును. అతిథి పెట్టెకు రెండవ తాళపుచెవి ఆతిథేయి వద్ద నుండుట వంటిది ఇది. రెక్స్‌లో విలువలన్నియు అక్షరముల వరుసలే గనుక రూపమును గూర్చిన చిక్కు తలయెత్తలేదు.

ఆ అక్షరముల వరుసనే వ్రతముగా పట్టినవాడు జాన్ ఔస్టర్‌హౌట్. ఈయన అప్పట్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా ఉండెను. సూక్ష్మ విద్యుత్ వలయములను గీయు ప్రోగ్రాములను ఆయనయు ఆయన శిష్యులును నిర్మించుచుండిరి. ప్రతి ప్రోగ్రామునకు ఆజ్ఞలిచ్చుటకు ఒక చిన్న భాష కావలసి వచ్చెడిది. తొందరలో అల్లిన ఆ భాష ప్రతిసారియు కుంటిదిగా తేలెడిది. ఏ ప్రోగ్రాములోనైనను ఇమడగల ఒకే చక్కని భాషను ఒక్కసారి నిర్మించిన చాలునని ఆయన 1988లో టిసిఎల్‌ను మొదలిడెను. అందలి మూలసూత్రము ఒక్కటే: ప్రతి విలువయు అక్షరముల వరుసయే. నలువది రెండు అను సంఖ్య ఆతిథేయి యింట సంఖ్యయే కావచ్చును. గుమ్మము దాటునప్పుడు మాత్రము 4, 2 అను రెండక్షరములుగా దాటవలెను. ఆవలివాడు వానిని మరల సంఖ్యగా చదువుకొనవలెను.

ఈ సూత్రము వలన ఆతిథేయికి గొప్ప సుఖము కలిగినది. సి భాషలో ఒక చిన్న ప్రమేయము వ్రాసి, పేరు పెట్టి టిసిఎల్‌కు అప్పగించిన చాలును. అది స్క్రిప్టులో కొత్త ఆజ్ఞగా నిలుచును. అంతేగాక ఆతిథేయి తన చరరాశి నొకదానిని స్క్రిప్టులోని చరరాశితో ముడివేయుటకు కూడ వీలు కల్పించిరి. స్క్రిప్టు చదివినప్పుడు ఆతిథేయి వద్దనున్న విలువ కనబడును. స్క్రిప్టు మార్చినప్పుడు ఆతిథేయి విలువ మారును. సంఖ్య ఉండవలసిన చోట మాట వ్రాసిన ఆ వ్రాత తిరస్కరింపబడును.

కాని సుఖమునకు వెల చెల్లింపక తప్పలేదు. వేయి సంఖ్యలను ఆ గుమ్మము గుండ పంపవలెనన్న వేయిసార్లు అక్షరములుగా మార్చి, వేయిసార్లు మరల చదువవలెను. కాలహరణము అటుండనిండు. విలువయే అరిగిపోయెడిది. తొలినాటి టిసిఎల్‌లో దశాంశ సంఖ్యను అక్షరములుగా మార్చునప్పుడు, వేరుగా చెప్పనియెడల, ఆరు అంకెలు మాత్రమే నిలిచెడివి. ఆతిథేయి 3.14159265 అని పంపిన, అవతల చేరునది 3.14159. ఎవరును అబద్ధమాడలేదు, ఎవరును పొరపాటు చేయలేదు. గుమ్మము ఇరుకైనది, అంతే. 1997లో వచ్చిన టిసిఎల్ 8.0లో ఈ పద్ధతిని సంస్కరించిరి. ప్రతి విలువకును రెండు రూపములు, అనగా అక్షరరూపమును దాని అసలు రూపమును, ప్రక్కప్రక్కనే ఉంచుకొను వీలు కల్పించి, ఏది అవసరమైన అప్పుడది తయారుచేయునట్లు ఏర్పాటు చేసిరి. సూత్రము చెడలేదు, లోపల మాత్రము ఇల్లు మరల కట్టబడినది.

ఇక మాకు మిక్కిలి ఇష్టమైన కథ బ్రెజిల్ దేశముది. 1977 మొదలు 1992 వరకు ఆ దేశమున కంప్యూటర్ల దిగుమతిపై కఠినమైన కట్టడి ఉండెను. బయటి సరకు దొరకుట కష్టమైనందున కావలసినది ఇంటనే చేసికొను అలవాటు అక్కడ బలపడెను. రియో డి జనీరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయమున 1987లో వెలసిన టెక్‌గ్రాఫ్ అను పరిశోధనశాల, పెట్రోబ్రాస్ అను జాతీయ చమురు సంస్థ కొరకు ప్రోగ్రాములు నిర్మించుచుండెను. ఆ సంస్థ ఇంజనీర్లు లెక్కల ప్రోగ్రాములకు వందలకొలది విలువలు అందింపవలసి వచ్చెడిది. వారి కొరకు డెల్ అను చిన్న భాషను, భూగర్భమున శిలాస్తరములు ఏ వరుసలో నున్నవో పటముగా గీసి చూపు మరియొక ప్రోగ్రాము కొరకు సోల్ అను వేరొక చిన్న భాషను వారు కల్పించిరి. రెండును విలువలను వర్ణించుటకే పుట్టినవి. అయితే ఇంజనీర్లు ఊరకుందురా? ఈ విలువ ఇంతకు మించిన ఆ విలువ ఇంత కావలెను అని షరతులు అడిగిరి. ఇదే పనిని పదిమార్లు చేయుటకు వీలు కల్పింపుడనిరి. విలువల పట్టీ మెల్లమెల్లగా భాషయై కూర్చుండెను.

1993లో రోబెర్టో యెరుసలిమ్‌స్కీ, లూయిజ్ హెన్రిక్ డి ఫిగైరెడో, వాల్డెమార్ సెలెస్ అను మువ్వురు కూర్చుండి ఆ రెండు భాషలకును బదులు ఒక్కటే చేయ నిశ్చయించిరి. పోర్చుగీసు భాషలో సోల్ అనగా సూర్యుడు. కనుక ఒక మిత్రుడు కొత్తదానికి చంద్రుడని పేరు పెట్టుడని సూచించెను. చంద్రునికి వారి మాట లువా. ఈ పేరున 1993లో పుట్టిన భాష, తొలినుండియు ఒంటరిగా నిలుచుటకుగాక వేరొకరి యింట ఇముడుటకే పుట్టినది. ఇతర భాషల వారు మొదట భాషను కట్టి, తరువాత ద్వారము ఎచ్చట పెట్టుదమా అని వెదకిరి. వీరు ద్వారము కొలతలు చూచుకొని ఇల్లు కట్టిరి. మా దృష్టిలో ఈ చరిత్రలోని అసలు తెలివి ఇదియే.

తొలినాటి ఇచ్చిపుచ్చుకోలు సులభము. ఆతిథేయి ఒక లువా కాగితమును నడపించును. అది పూర్తియైన పిమ్మట అందు నిలిచిన పేర్లను ఒక్కొక్కటిగా అడిగి విలువలు తెలిసికొనును. వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, రంగు ఏది. సంఖ్యయైన ప్రతి తీసికొని పోవచ్చును. కాని లువాలో పట్టికలు కలవు, ప్రమేయములు కలవు. వీనిని ప్రతి తీసికొని సి పాత్రలో పోయుట సాధ్యము కాదు. కనుక 4.0 కూర్పు వచ్చువరకు, లువా విలువకు ఒక పిడి వంటిది ఆతిథేయి చేతికి ఇచ్చుచుండిరి. ఆ పిడి ఎంతవరకు చెల్లునో ప్రోగ్రాము వ్రాయువాడే జ్ఞాపకముంచుకొనవలసి యుండెను.

జ్ఞాపకముంచుకొనుట ఎంత ప్రమాదమో మాకు స్వానుభవమున తెలియును. మేము ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో, ఒక కేంద్రమున, ఒక వృద్ధ కళాకారుని హరికథ టేపును విని, మరుసటి వారము ప్రసారము చేయవచ్చునని తలచి, అర నంబరును మా జేబు పుస్తకమున వ్రాసికొంటిమి. టేపుల గది రిజిస్టరులో మాత్రము వ్రాయలేదు. గదిని కనిపెట్టి యుండు ఉద్యోగి తన రిజిస్టరు చూచెను, ఆ టేపు ఎవరికిని కావలెనని అందు లేదు, గడువు తీరినది. నిబంధన ప్రకారము చెరిపి వేరొక రికార్డింగునకు ఇచ్చెను. మరుసటి వారము మేము వెళ్లితిమి. అదే అర, అదే నంబరు, అదే టేపు. యంత్రముపై నెక్కించిన వినబడినది పంటల తెగుళ్లపై ప్రసంగము. ఆ ఉద్యోగి దోషమేమియు లేదు. అతనికి కనబడు పుస్తకమున మేము వ్రాయలేదు. ఆ కళాకారుడు అంతకు కొంతకాలము పూర్వమే పరమపదించి యుండెను. ఆ కథ మరల దొరకలేదు.

లువా యింట ఊడ్చు మనిషికిని ఇదే పరిస్థితి. అతడు లువా యింటి గదులన్నియు వెదకి, ఎవరును చూపనివి పారవేయును. ఆతిథేయి తన సొంత సి పాత్రలో ఒక లువా విలువ జాడను వ్రాసికొని యుంచుకొన్న, ఆ సంగతి అతనికి తెలియదు. తెలియుటకు మార్గము లేదు. వస్తువు పోవును, జాడ మిగులును. ఆ జాడ పట్టుకొని వెళ్లిన ఆతిథేయికి హరికథకు బదులు పంటల తెగుళ్లు దొరకును. అదృష్టము బాగుండిన ప్రోగ్రాము అక్కడికక్కడ కూలిపోవును. బాగుండనిచో కూలక, తప్పు లెక్కను ఒప్పు లెక్కవలె చూపుచు నడచును.

2000 సంవత్సరమున వచ్చిన లువా 4.0 కూర్పులో దీనికి చూపిన ఉపాయము మన వంటింటిది. రెండిండ్ల నడుమ గుమ్మమున ఒక దొంతర పెట్టిరి. ఆతిథేయి చేతికి లువా విలువ ఎన్నడును రాదు. ఏది కావలెనన్నను దొంతరపై పెట్టుమని చెప్పవలెను; తరువాత పైనుండి మొదటిది, క్రిందనుండి రెండవది అని స్థానము చెప్పి పని చేయించుకొనవలెను. క్రిందనుండి లెక్కించిన 1, 2, 3 అనియు, పైనుండి లెక్కించిన ఋణసంఖ్యలతోను స్థానములను చెప్పుదురు. స్క్రిప్టులోని ప్రమేయమును పిలువవలెనన్న మొదట ప్రమేయమును దొంతరపై పెట్టి, దానిపై దానికి కావలసిన విలువలను వరుసగా పేర్చి, పిలువుమనవలెను. లువా వానిని తీసికొని, ఫలితములను అదే చోట పేర్చును. స్క్రిప్టు ఆతిథేయిని పిలిచినప్పుడు ఒక కొత్త దొంతర సిద్ధమగును. కనీసము ఇరువది చోట్లు అందుండునని హామీ కలదు.

ఈ దొంతర లువా యింటి లోనిది, అందే రహస్యమున్నది. ఊడ్చు మనిషికి అది కనబడును. దానిపై నున్నంతవరకు ఏ వస్తువునకును అపాయము లేదు. రూపముల చిక్కు కూడ దీనితోనే తీరినది. పెట్టునప్పుడు ఇది సంఖ్య, ఇది మాట అని ఆతిథేయి చెప్పును. తీయునప్పుడు ఇది సంఖ్యయేనా అని అడిగి తీసికొనును. సి భాష ఒక్కటే కాదు, స్థానము చెప్పి అడుగగల ఏ భాషయైనను ఈ దొంతరను వాడుకొనవచ్చును. ఒక్క జాగ్రత్త మాత్రము విధింపబడినది. మాటను అడిగినప్పుడు లువా తన యింటిలోని అక్షరములనే చూపును, ప్రతి ఇయ్యదు. కనుక దొంతరపైనుండి ఆ పళ్లెమును తీసివేసిన తరువాత ఆ అక్షరములను నమ్మరాదు. ఈ నియమమును మరచి చేతులు కాల్చుకొన్న ప్రోగ్రామర్లు నేటికిని కలరు.

మరి ఒక విలువను చిరకాలము దాచుకొనవలసిన ఆతిథేయి సంగతి? దానికి లువా యింటనే ఒక పట్టిక కలదు. స్క్రిప్టులకు అది మామూలుగా కనబడదు. వస్తువును అందు ఉంచి, ఆతిథేయి ఒక సంఖ్యను పుచ్చుకొనును. రైల్వే స్టేషనులో సామానుల గదిలో పెట్టె ఉంచి చీటీ తీసికొనుట వంటిదే. చీటీని సి పాత్రలో నిక్షేపముగా ఉంచుకొనవచ్చును, సంఖ్యయే కదా. పని తీరిన పిమ్మట చీటీ తిరిగి ఇచ్చుట మరువరాదు. మరచిన పెట్టె అక్కడనే యుండును. మాకు ఆ నాడు కావలసినది ఆ చీటీయే.

1996 డిసెంబరులో ఒక అమెరికా పత్రికలో వెలువడిన వ్యాసము మూలముగా లువా దేశము దాటినది. 1998లో గ్రిమ్ ఫాండాంగో అను కంప్యూటరు ఆటలోను, 2004లో కోట్లకొలది జనులాడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోను అది ఇమిడెను.

అదే కాలమున వేరొక భాష అంతకంటె పెద్ద యింట అతిథిగా చేరి యుండెను. 1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ సంస్థలో పది దినములలో తొలిరూపు దిద్దిన జావాస్క్రిప్టు, వెబ్ పేజీలను చూపు బ్రౌజరులో నివసించును. మైక్రోసాఫ్టు వారి ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరరులో, ముఖ్యముగా 2001 నాటి 6వ కూర్పులో, ఆతిథేయికిని అతిథికిని వేర్వేరు ఖాతా పుస్తకములుండెను. పేజీలోని ప్రతి బొత్తాము ఎందరికి కావలెనో ఆతిథేయి ఒక లెక్క వ్రాసికొనును. లెక్క సున్న అయినగాని పారవేయదు. అతిథి యింట ఊడ్చు మనిషి పద్ధతి. ఇప్పుడొక స్క్రిప్టు, బొత్తాము నొక్కినప్పుడు చేయవలసిన పనిని ప్రమేయముగా వ్రాసి బొత్తామునకు తగిలించినదనుకొందము. ఆ ప్రమేయము తన పనికై అదే బొత్తామును జ్ఞాపకముంచుకొన్నది. ఆతిథేయి చూచును: ఈ బొత్తాము ఒకరికి కావలెను, పారవేయరాదు. ఊడ్చు మనిషి చూచును: ఈ ప్రమేయము బయటి బొత్తామునకు కావలెను, తీయరాదు. ఇద్దరు దివాలాకోరులు ఒకరికొకరు పూచీ పడినట్లయినది. పేజీని మూసి వేరొక పేజీకి వెళ్లినను ఆ రెండును మెమరీలో అట్లే నిలిచెడివి. పగలెల్ల తెరచియుంచిన బ్రౌజరు సాయంత్రమునకు ఈడిగిలబడెడిది. మూసి తెరచిన తేరుకొనెడిది. ఇంట కంప్యూటరున్న శ్రోతలలో కొందరికి ఆ దినములు జ్ఞాపకముండవచ్చును. ఏ పుస్తకమును చూచినను తప్పు లేదు. రెండు పుస్తకములను కలిపి చూచువాడు లేకపోవుటయే తప్పు. 2009లో 8వ కూర్పు వచ్చు నాటికి ఇది చాలవరకు సర్దుకొన్నది.

పైన పేర్కొన్న వార్‌క్రాఫ్ట్ ఆటలో ఎదురైన చిక్కు మరియొక విధమైనది. ఆ ఆట తెరపై కనబడు పట్టీలు, బొత్తాములు లువాలో వ్రాయబడినవి. ఆడువారు తమ సొంత స్క్రిప్టులను కూడ చేర్చుకొనవచ్చును. కొందరు మనిషి ఆడవలసిన ఆటను స్క్రిప్టుచేతనే ఆడింప మొదలిడిరి. 2006 చివరను నిర్మాతలు కొన్ని పనులను తమ స్క్రిప్టులు మాత్రమే చేయునట్లు కట్టడి చేసిరి. అయితే వారి స్క్రిప్టులును పరుల స్క్రిప్టులును ఒకే పేర్ల పట్టికను పంచుకొనుచున్నవి. పరులు వ్రాసిపెట్టిన విలువను వీరి స్క్రిప్టు చదివిన? అందుకు మైల వంటి ఒక గుర్తును కల్పించిరి. పరుల చేయి తగిలిన విలువకు మైల; దానిని చదివిన ప్రమేయమునకు, ఆ పని ముగియువరకు, మైల; మైలపడినది కట్టడి చేసిన పనులకు తగదు. మడిబట్ట విషయమున మా నాయనమ్మ పాటించిన నియమమే ఇది, అక్షరాల. వస్తువు ఏ రూపమున దాటినది అనుటయే కాక, ఎవరి చేతిమీదుగా దాటినది అనుటయు ఇట్లు లెక్కలోనికి వచ్చినది.

తెలుగు చదువరులకు ఈ దొంతర ఎరుక లేకయే ఎరుకైనది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఒక ఊరి పేరు తెరచిన, కుడిప్రక్కన జిల్లా, జనాభా మొదలైనవి చూపు పెట్టె యొకటి కనబడును. 2013 నుండి వికీపీడియాలన్నిటను ఇట్టివానిని కూర్చుటకు లువా స్క్రిప్టులు వాడుటకు వీలు కలిగినది. అందు ఆతిథేయి ఎంతమాత్రము చేయి జారనియ్యదు. స్క్రిప్టునకు అందించు విలువలన్నియు అక్షరముల వరుసలుగానే అందును. జనాభాను సంఖ్యగా వాడవలెనన్న స్క్రిప్టే చదువుకొనవలెను. ఔస్టర్‌హౌట్ సూత్రము ఈ గుమ్మమున మరల కనబడుచున్నది. ఒకే పేజీలో స్క్రిప్టును పదిచోట్ల పిలిచిన, ఒకచోట వ్రాసికొన్నది మరియొకచోట కనబడదు. ప్రతిసారియు కొత్త అతిథియే. అట్లని పెద్ద పట్టికను పదిమార్లు మెమరీలోనికి తెచ్చుట వృథా గనుక, పేజీ కంతటికి ఒక్కసారి తెచ్చి అందరికిని చూపు ఏర్పాటొకటి కలదు. ఆ పట్టికలో సంఖ్యలు, మాటలు, అవునుకాదులు, పట్టికలు ఉండవచ్చును, ప్రమేయము ఉండరాదు. చదువుట కెవరికైనను స్వేచ్ఛ. వ్రాయబోయిన మాత్రము అక్కడనే తప్పు చూపి స్క్రిప్టును నిలిపివేయును.